నోరు కట్టుకుంటే సరిపోతుందా? ఆకలిని, బరువును నడిపే మెదడు కథ

లావుగా ఉన్నవారికి మన ఇళ్లలో దొరికే సలహా ఒకటే: ‘కాస్త నోరు కట్టుకో’. పెళ్లి భోజనంలో రెండో బొబ్బట్టు వేయించుకుంటే పక్క బంతిలో నవ్వులు. బడిలో తోటి పిల్లలు పెట్టే పేర్లు. మోకాళ్ల నొప్పులని ఆసుపత్రికి వెళ్లినా ముందు బరువు గురించే చీవాట్లు. ఈ మాటలన్నిటి వెనుకా ఒకే నమ్మకం ఉంది. తినడం, మానడం పూర్తిగా మన చేతుల్లో పని అని, బరువు పెరిగినవారికి నిగ్రహం తక్కువని.

ఎనభై ఏళ్లకు పైగా సాగుతున్న పరిశోధనలు ఈ నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించాయి. ఎప్పుడు ఆకలి వేయాలి, ఎంత తిన్నాక చాలనిపించాలి, ఒంట్లో ఎంత కొవ్వు నిల్వ ఉండాలి అన్న లెక్కలు చాలావరకు మెదడు అడుగుభాగంలో ఉండే హైపోథాలమస్‌లో జరుగుతాయి. బాదం గింజంత ఉండే ఈ భాగం చేసే పని మనకు తెలియదు. దాని ఫలితం మాత్రం ‘ఆకలి’ రూపంలో తెలుస్తుంది. ఈ లెక్క తప్పితే ఏమవుతుందో ఇద్దరు పిల్లల కథ చెబుతుంది.

రెండేళ్లకే 29 కిలోలు

1990ల మధ్యలో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ పరిశోధకులు స్టీఫెన్ ఓరాహిలీ, సదఫ్ ఫారూఖీ బృందం దృష్టికి ఇద్దరు పిల్లలు వచ్చారు. పాకిస్తానీ మూలాలున్న ఒకే కుటుంబంలో వరసకు అక్కాతమ్ముళ్లు. అమ్మాయికి ఎనిమిదేళ్లు, బరువు 86 కిలోలు. అబ్బాయికి రెండేళ్లు, బరువు 29 కిలోలు. ఇద్దరూ మామూలు బరువుతోనే పుట్టారు. కొన్ని నెలలు నిండేసరికి ఆకలి మొదలైంది. ఎంత పెట్టినా తీరేది కాదు. పెట్టకపోతే ఏడుపు. అమ్మాయికి నడవడమే కష్టమైపోయింది.

ఇలాంటి పిల్లలను చూస్తే లోకం ముందుగా తల్లిదండ్రులనే వేలెత్తి చూపుతుంది. ‘అడ్డూ అదుపూ లేకుండా తినిపిస్తున్నారు’ అంటుంది. కానీ రక్తపరీక్ష వేరే సంగతి బయటపెట్టింది. ఒంట్లో అంత కొవ్వున్నా వారి రక్తంలో లెప్టిన్ అనే హార్మోన్ దాదాపు లేనేలేదు. దాన్ని తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం లోపించింది. 1997లో ‘నేచర్’ పత్రికలో ఈ ఫలితం వెలువడింది. ఆ లోపం ఎందుకంత విపరీతమైన ఆకలిని పుట్టించిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆకలికి రెండు మీటలు

మెదడుకూ ఊబకాయానికీ సంబంధం ఉందన్న అనుమానం పాతదే. పిట్యూటరీ గ్రంథి దగ్గర కణితి పెరిగిన కొందరు రోగులు ఉన్నట్టుండి లావెక్కడాన్ని వైద్యులు 20వ శతాబ్దం ఆరంభానికే గమనించారు. తప్పు పిట్యూటరీదా, దాని పైనున్న హైపోథాలమస్‌దా అన్నది మాత్రం తేలలేదు. 1940లో అమెరికా శాస్త్రవేత్తలు హెదరింగ్‌టన్, రాన్సన్ ఈ ముడి విప్పారు. పిట్యూటరీని ముట్టుకోకుండా ఎలుకల హైపోథాలమస్ మధ్యభాగాన్ని మాత్రమే దెబ్బతీస్తే అవి విపరీతంగా లావయ్యాయి.

తర్వాతి అడుగు ఒక భారతీయుడిది. ఢిల్లీలోని లేడీ హార్డింజ్ మెడికల్ కాలేజీ నుంచి ఫెలోషిప్‌పై అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్లిన డాక్టర్ బాల్ కృషన్ ఆనంద్, అక్కడ జాన్ బ్రోబెక్‌తో కలిసి పనిచేశారు. హైపోథాలమస్ పక్కభాగంలో రెండువైపులా చిన్న చిన్న బిందువులను సన్నని విద్యుత్ తీగతో దెబ్బతీశారు. ఆ ఎలుకలు తిండి పూర్తిగా మానేశాయి. ఎదురుగా మేత ఉన్నా ముట్టుకోలేదు. 1951లో ప్రకటించిన ఈ ఫలితంతో ‘ఆకలి కేంద్రం’ అన్న మాట వైద్య పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆనంద్ భారత్‌కు తిరిగివచ్చి, ఎయిమ్స్ తొలినాళ్లలో అక్కడి ఫిజియాలజీ విభాగాన్ని నిర్మించారు. గుల్జార్ సింగ్ ఛీనా, బల్‌దేవ్ సింగ్‌లతో కలిసి, రక్తంలో గ్లూకోజ్ మారినప్పుడు ఈ కేంద్రాల్లో విద్యుత్ చలనం ఎలా మారుతుందో కొలిచారు. ఆ పరిశోధన 1962లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది.

ఒకటి ఆకలి వేయించేది, మరొకటి చాలనిపించేది. ఈ రెండు మీటల నమూనా చాలాకాలం నడిచింది. అసలు వ్యవస్థ ఇంతకంటే ఎంతో చిక్కైనదని తర్వాత తేలింది. ఏమైనా ఆకలి చిరునామా మెదడులో ఉందన్న సంగతి ఖాయమైంది. ఇక మిగిలిన ప్రశ్న: ఒంట్లో కొవ్వు ఎంత ఉందో మెదడుకు ఎలా తెలుస్తుంది?

జంట ఎలుకలు చెప్పిన రహస్యం

జవాబు అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో పుట్టిన రెండు రకాల లావు చుంచెలుకల దగ్గర దొరికింది. వాటికి శాస్త్రవేత్తలు ‘ఓబీ’, ‘డీబీ’ అని పేర్లు పెట్టారు. రెండూ ఆపకుండా తినేవి, మామూలువాటికంటే చాలా ఎక్కువ బరువెక్కేవి. డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రవేత్త రెండేసి ఎలుకలను శస్త్రచికిత్సతో పక్కపక్కన కలిపి, ఒకదాని రక్తం మరొకదానికి అందేలా చేశారు.

మామూలు ఎలుకను డీబీ ఎలుకతో కలిపితే మామూలు ఎలుక తిండి మానేసి ఆకలితో చనిపోయింది. డీబీ మాత్రం యథాప్రకారం తింటూనే ఉంది. ఓబీని డీబీతో కలిపినా అంతే, ఓబీ తిండి మానేసింది. మామూలు ఎలుకతో కలిపితే ఓబీ తిండి తగ్గించింది. కోల్‌మన్ దీన్ని ఇలా అర్థం చేసుకున్నారు: రక్తంలో ‘ఇక చాలు’ అని చెప్పే పదార్థం ఏదో తిరుగుతోంది. ఓబీ దాన్ని తయారుచేసుకోలేదు, ఎవరైనా ఇస్తే వినగలదు. డీబీ దండిగా తయారుచేస్తుంది, కానీ దానికి ఆ మాట వినపడదు.

ఆ పదార్థం ఏమిటో తేలడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1994 డిసెంబరులో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఓబీ జన్యువును పట్టుకున్నట్టు ప్రకటించింది. ఆ జన్యువు కొవ్వు కణాల్లో ఒక హార్మోన్‌ను తయారుచేస్తుంది. గ్రీకు భాషలో ‘సన్నని’ అనే అర్థమున్న మాట నుంచి దానికి లెప్టిన్ అని పేరు పెట్టారు. అంతవరకు కొవ్వును నూనె డబ్బాలాంటి నిల్వగానే చూశారు. డబ్బాలో ఎంత ఉందో అది ఎప్పటికప్పుడు మెదడుకు కబురు పంపుతుందని అప్పుడు తెలిసింది.

కబురు అందని పిల్లలు

ఇప్పుడు ఆ ఇద్దరు పిల్లల సంగతి అర్థమవుతుంది. వారు మనుషుల్లోని ఓబీ ఎలుకలు. ఒంటినిండా కొవ్వున్నా లెప్టిన్ లేకపోవడంతో మెదడుకు కబురు అందలేదు. మెదడు దృష్టిలో ఆ పిల్లలు రోజూ పస్తులున్నట్టే. తొమ్మిదేళ్ల వయసులో ఆ అమ్మాయికి రోజూ లెప్టిన్ ఇంజెక్షన్ ఇవ్వడం మొదలుపెట్టారు. ఏడాదిలో 16.4 కిలోలు తగ్గింది. తగ్గినదంతా దాదాపు కొవ్వే. ఎవరూ ఆమెను కొత్తగా మందలించలేదు, ఆమె నిగ్రహమూ రాత్రికి రాత్రి పెరగలేదు. అందాల్సిన కబురు అందింది, అంతే.

ఇదే బృందం 2009లో మరో ఫలితం ప్రకటించింది. తీవ్రమైన ఊబకాయమున్న 300 మంది పిల్లల డీఎన్‌ఏను పరిశీలిస్తే, కొందరిలో 16వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క లోపించినట్టు కనిపించింది. లెప్టిన్ కబురు లోపలికి చేరడానికి అవసరమైన జన్యువు ఒకటి ఆ ముక్కలోనే ఉంది. ఆ పిల్లల్లో కొందరి పేర్లు, తల్లిదండ్రులు కావాలనే అతిగా తినిపిస్తున్నారన్న అనుమానంతో, ‘ప్రమాదంలో ఉన్న పిల్లల’ జాబితాకు ఎక్కి ఉన్నాయి. పరీక్ష ఫలితం వచ్చాక ఆ పేర్లను తొలగించారు. తినిపించి చెడగొట్టారన్న నింద మోసిన ఆ తల్లులకు ఆ కాగితం విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

ఒకే జన్యువు లోపంతో వచ్చే ఇలాంటి ఊబకాయం అరుదు. అయితే ఇది తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న ప్రతులు వచ్చినప్పుడే బయటపడే రకమైతే, దగ్గరి బంధువుల పెళ్లిళ్లు ఎక్కువగా జరిగేచోట అవకాశం పెరుగుతుంది. పాకిస్తాన్‌లో తీవ్ర ఊబకాయమున్న పిల్లలపై జరిగిన అధ్యయనాల్లో ఇలాంటి లోపాలు చెప్పుకోదగ్గ సంఖ్యలో బయటపడ్డాయి. మేనరికాలు ఇప్పటికీ జరుగుతున్న తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది గుర్తుంచుకోవలసిన విషయం. పాలు తాగే వయసు నుంచే తీరని ఆకలితో వేగంగా బరువు పెరుగుతున్న పిల్లలను మందలించి వదిలేయకుండా, హార్మోన్, జన్యు పరీక్షలు చేయించగల నిపుణుల దగ్గరకు తీసుకువెళ్లాలి.

ఆకలి కణాలు, తృప్తి కణాలు

మిగతావారిలో సంగతేమిటి? హైపోథాలమస్‌లోని ఆర్క్యుయేట్ కేంద్రకం అనే చోట రెండు రకాల నాడీకణాలు పక్కపక్కనే ఉంటాయి. ఏజీఆర్‌పీ కణాలు చురుకైతే ఆకలి పెరుగుతుంది. పీఓఎంసీ కణాలు చురుకైతే ఆకలి తగ్గుతుంది. లెప్టిన్ మొదటివాటిని అణచి, రెండోవాటిని లేపుతుంది. ఖాళీ కడుపు విడుదల చేసే గ్రెలిన్ అనే హార్మోన్ ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్న ఈ హార్మోన్ భోజనవేళకు ముందు రక్తంలో పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది.

ఈ కణాల బలం ఎంతో చుంచెలుకల్లో చూశారు. కడుపునిండిన ఎలుకలో కాంతితో ఏజీఆర్‌పీ కణాలను రెచ్చగొడితే నిమిషాల్లోనే మళ్లీ ఆత్రంగా తినడం మొదలుపెట్టింది. పెద్దయిన ఎలుకల్లో ఆ కణాలను నాశనం చేస్తే అవి తిండి మానేసి కృశించాయి. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాకరీ నైట్ బృందం మరో విశేషం గమనించింది. ఆకలిగొన్న ఎలుకకు మేత కనపడగానే, ఇంకా నోట పెట్టకముందే, ఏజీఆర్‌పీ కణాలు శాంతించాయి. మేత తీసేస్తే మళ్లీ చెలరేగాయి. అంటే మెదడు కడుపు చెప్పేదాకా ఆగదు, కళ్లూ ముక్కూ చెప్పినదాన్ని బట్టి ముందే అంచనా వేస్తుంది.

ఇక భోజనం నడుస్తుండగా కడుపు సాగడం, పేగుల్లో హార్మోన్లు విడుదల కావడం వేగస్ నాడి ద్వారా, రక్తం ద్వారా మెదడు కాండానికి చేరతాయి. ఈ కబురుకు కొంత సమయం పడుతుంది. గబగబా తినేవారు చాలనిపించే లోపే ఎక్కువ తినేస్తారు.

వీటన్నిటితోపాటు డోపమైన్‌తో నడిచే ‘ఇష్టం’ వ్యవస్థ ఒకటుంది. పప్పు, పులుసు, పెరుగన్నం తిని ఇక ముద్ద దిగదన్నవారు కూడా బొబ్బట్టు వస్తే ఆకులో చోటు చేస్తారు. ఒక రుచిపై మొహం మొత్తినా కొత్త రుచి మెదడును మళ్లీ లేపుతుంది. కరువుకాలంలో రకరకాల ఆహారం దొరికినప్పుడు దొరికినంత తినిపించడానికి ఈ ఏర్పాటు పనికొచ్చింది.

తగ్గిన బరువు ఎందుకు తిరిగొస్తుంది?

లెప్టిన్ దొరికాక, ఊబకాయానికి మందు దొరికినట్టేనని చాలామంది ఆశపడ్డారు. అది నెరవేరలేదు. లావుగా ఉన్నవారిలో ఎక్కువమందికి లెప్టిన్ కొరత లేదు, పైపెచ్చు ఎక్కువే ఉంది. మెదడు దానికి సరిగా స్పందించడం లేదు. దీన్నే లెప్టిన్ నిరోధం అంటారు.

దీనితో ముడిపడిన మరో చిక్కు కూడా ఉంది. లెప్టిన్ తగ్గడాన్ని మెదడు కరువుగా చూస్తుంది. 100 కిలోల మనిషి కష్టపడి 85కి దిగితే అద్దంలో కనిపించేది విజయం. హైపోథాలమస్‌కు కనిపించేది మాత్రం నిల్వలు కరిగిపోతున్న ప్రమాదం. అది ఆకలి పెంచుతుంది, ఒళ్లు ఖర్చుచేసే శక్తిని తగ్గిస్తుంది.

ఆస్ట్రేలియాలో ప్రియా సుమిత్రన్ బృందం 2011లో దీన్ని కొలిచి చూపింది. ఊబకాయమున్న 50 మందికి పది వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇస్తే సగటున 13.5 కిలోలు తగ్గారు. లెప్టిన్ పడిపోయింది, గ్రెలిన్ పెరిగింది, ఆకలి పెరిగింది. ఏడాది గడిచాక చూసినా హార్మోన్లు పాత స్థాయికి రాలేదు, ఆకలి తగ్గలేదు. బరువు తగ్గించుకుని మళ్లీ పెరిగినవారిని ‘నాలుగు రోజుల ముచ్చట’ అని ఎగతాళి చేసేముందు ఇది తలచుకోవాలి. పథ్యం మొదటి వారంలో పోరాటం నాలుకతో. ఏడాది తర్వాత కూడా సాగే పోరాటం మెదడుతో.

మెదడు పాతది, బజారు కొత్తది

కవలలపై జరిగిన అధ్యయనాల ప్రకారం మనుషుల మధ్య బరువులో కనిపించే తేడాల్లో 40 నుంచి 70 శాతం దాకా జన్యువుల వల్లే. అయితే జన్యువులు పదేళ్లలో మారవు, ఊబకాయం మాత్రం పెరుగుతోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల భారతీయ మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు 2015–16లో 20.6 శాతం. 2019–21 నాటికి 24 శాతం. ఆంధ్రప్రదేశ్ మహిళల్లో ఇది 36.3 శాతం, తెలంగాణ మహిళల్లో 30.1 శాతం. ఇదంతా బాడీ మాస్ ఇండెక్స్ 25 దాటితేనే లెక్క. భారతీయుల్లో తక్కువ బరువుకే మధుమేహం, గుండెజబ్బులు వస్తాయి కాబట్టి మన వైద్యులు 23 నుంచే జాగ్రత్తపడమంటారు.

మారింది మెదడు చుట్టూ ఉన్న తిండి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ 2019లో చేసిన ప్రయోగంలో 20 మంది నాలుగు వారాలు ఆసుపత్రిలోనే ఉన్నారు. రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా శుద్ధిచేసిన ఆహారం, రెండు వారాలు సహజమైన ఆహారం. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండిట్లోనూ సమానం. ఇష్టమైనంత తినవచ్చు. ఫ్యాక్టరీ ఆహారం పెట్టినప్పుడు వారు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, వేగంగా తిన్నారు, సగటున 0.9 కిలో పెరిగారు. రెండో రకం ఆహారంతో అంతే తగ్గారు. అదే మనుషులు, అదే నిగ్రహం, మారింది కంచంలోనిదే.

నిద్ర సంగతీ అంతే. ఆరోగ్యంగా ఉన్న యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గి, గ్రెలిన్ 28 శాతం పెరిగినట్టు 2004లో వెలువడిన ఒక చిన్న అధ్యయనం చూపింది. వారికి తీపి, ఉప్పటి చిరుతిళ్లపై మనసు మళ్లింది. రాత్రి షిఫ్టులు చేసేవారు, అర్ధరాత్రి దాకా ఫోన్ చూసేవారు గమనించవలసిన సంగతి ఇది.

మెదడుతో మాట్లాడే మందులు

ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్న సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ల బలం కూడా ఇక్కడే ఉంది. తిన్నాక పేగులు విడుదల చేసే జీఎల్‌పీ-1 హార్మోన్‌ను ఇవి అనుకరిస్తాయి. పేగు నుంచి వచ్చే హార్మోన్ నిమిషాల్లో కరిగిపోతుంది. వారానికోసారి తీసుకునే మందు మాత్రం రోజుల తరబడి ఉండి, మెదడు కాండంలోనూ హైపోథాలమస్‌లోనూ ‘చాలు’ అన్న సంకేతాన్ని నిలిపి ఉంచుతుంది. రోజంతా తిండి గురించి వచ్చే ఆలోచనల గోల ఆగిపోయిందని చాలామంది రోగులు చెబుతున్నారు. ఊబకాయానికి వాడే సెమాగ్లూటైడ్‌తో జరిగిన ప్రధాన ప్రయోగంలో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో తగ్గింది 2.4 శాతమే.

2025లో ఈ రెండు మందులూ బరువు తగ్గించే చికిత్సగా భారత మార్కెట్లోకి వచ్చాయి. సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు మన దేశంలో 2026 మార్చి వరకే కాబట్టి చౌక రకాలకు దారి తెరుచుకుంది. అయితే ఇవి ఎవరికి వారు కొనుక్కుని పొడుచుకునే మందులు కావు. వికారం, వాంతులు, మలబద్ధకం మామూలు. కొవ్వుతోపాటు కండ కూడా తగ్గుతుంది. అరుదుగా క్లోమగ్రంథి వాపు రావచ్చు. పైగా మందు ఆపినవారిని ఏడాది తర్వాత చూస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగివచ్చింది. బీపీ మందు ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీ. వైద్యుడి పర్యవేక్షణలో, దీర్ఘకాల చికిత్సగానే దీన్ని చూడాలి.

మరి మనం చేయగలిగింది?

మెదడు నడుపుతోందంటే మన చేతుల్లో ఏమీ లేదని కాదు. మెదడుకు వ్యతిరేకంగా కాక దానికి తగ్గట్టు నడుచుకోవాలని. పస్తులతో వేగంగా బరువు దించే ప్రయత్నం కరువు గంటను మోగిస్తుంది. దానికంటే మెల్లగా, నిలుపుకోగలిగినంత మార్పు మేలు. పప్పులు, గుడ్లు, కూరలు, ఆకుకూరలు, పీచున్న ధాన్యాలు ఎక్కువసేపు కడుపు నిండుగా ఉంచుతాయి. నిదానంగా నమిలి తింటే కడుపు కబురు చేరే వ్యవధి దొరుకుతుంది. చూపుతోనే ఆకలి కణాలు స్పందిస్తాయి కాబట్టి చిప్స్, బిస్కెట్ల డబ్బా బల్ల మీద పెట్టుకోకపోవడమే తేలిక. ఎదురుగా పెట్టుకుని నిగ్రహించుకోవడం కష్టం. ఏడెనిమిది గంటల నిద్ర, రోజూ నడక బరువు దించినా దించకపోయినా ఒంటికి మేలు చేస్తాయి. తగ్గిన బరువు తిరిగి పెరగకుండా చూడడంలో వ్యాయామం పాత్ర పెద్దది.

మిగిలిన పని ఇంట్లోవారిది, బడిదీ, ప్రభుత్వానిదీ. బడి గేటు పక్కన ఏం అమ్ముతున్నారు, ప్యాకెట్ మీద ఏం రాస్తున్నారు, నడవడానికి వీధిలో చోటుందా అన్నవి ఒక్క మనిషి నిగ్రహంతో తేలే విషయాలు కావు. ఇక ఈసారి బంధువుల ఇంట్లో ఎవరైనా లావుగా ఉన్న పిల్లను చూసి ‘నోరు కట్టుకో’ అనబోతే, ఆ ఎనిమిదేళ్ల అమ్మాయిని గుర్తుచేయండి. ఆమెకు కావలసింది మందలింపు కాదు, రోజుకో ఇంజెక్షన్. అది తెలిసేదాకా ఆమెను అందరూ తిండిపోతు అనే అనుకుని ఉంటారు.